ఖాళీ ఇంట్లో ఇంటర్వ్యూ

ఆ పరాయి ఊళ్ళో, ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో ఏజెంట్లను ఏరే పని, ఖాళీ ఇళ్ళ గుత్తులన్నీ దగ్గరుంచుకునే తాళాల మేడంది. యజమానిది ఒకటే పట్టు: ఊళ్ళో ఎన్ని భాషలవాళ్ళుంటే అన్ని భాషల ఏజెంట్లు కావాలి, భాషకు ఒక్కరే ఉండాలి. ఏరింది కూడా, మహాతల్లి! ఆరుగురు, ఆరు భాషలు. పొద్దస్తమానం ఫోన్లలో తమవాళ్ళతో పకపకలాడతారు. ఆవిడతో మాత్రం ఆఫీసు భాషలో రెండు ముక్కలు, అంతే. తెలుగు భాషకు లెక్కలో రాసి ఉన్నది ఆవిడ పేరే. ఇంకొకర్ని తీసుకుందామంటే "మీరున్నారుగా" అన్నాడు యజమాని. తెలుగు బేరం ఒక్కటీ రాక, భర్త పోయిన మూడేళ్ళుగా ఆ తెలుగు నోట్లోనే ఉండిపోయింది.

ఇంటర్వ్యూ ఖాళీ ఇంట్లో జరుగుతుంది. ఆవిడే కొనడానికి వచ్చినట్టు, వచ్చినవాళ్ళు తమ భాషలో ఇల్లు చూపించాలి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చూపు ఎక్కడ తప్పిస్తున్నారో చూసి మనిషిని అంచనా కట్టేస్తుంది, ఘటికురాలు.

ఆ రోజు వచ్చింది, దరఖాస్తులో భాష గడి ఖాళీగా వదిలేసిన అమ్మాయి. తాళం ఎంతకీ రాక, "దీని మొహం మండ!" అంది మేడం.

అమ్మాయి ఫక్కున నవ్వింది. "తెలుగువాళ్ళా మీరు! హమ్మయ్య, మన భాషలోనే చూపించనా అక్కా?"

అక్కడే చెప్పాల్సింది, ఈ భాషకు ఖాళీ లేదని. అక్కా అన్న పిలుపు విన్నాక ఆ సంగతి పక్కకి నెట్టేసింది. "చూపించమ్మా" అంది.

"ఇదిగోండి వంటిల్లు. ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. అన్నయ్యగారికి వంటొచ్చా?"

"వచ్చనే అనుకునేవారు, పాపం."

అమ్మాయి వెళ్ళి కిటికీ తెరిచింది. "ఇక్కడ కుర్చీ వేసుకోండక్కా. వీధి కనబడుతుంది, పొద్దుపోతుంది."

పై గది చూపించమంది మేడం. తర్వాత పెరడు. తర్వాత చూసిన వంటిల్లే మళ్ళీ. గంట దాటిపోయింది. ఎంత మాట్లాడిందో, ఎంత నవ్విందో ఆవిడకే తెలియదు. ప్రాణం లేచొచ్చినట్టుంది.

"ఇంతసేపు చూశారంటే ఉద్యోగం వచ్చేసినట్టేగా? రోజూ కబుర్లేనక్కా మనకి! ఉండండి, అమ్మకి ఫోన్ చేస్తా."

"ఆగమ్మా." మేడం ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మన భాషకి నేనున్నానుగా. ఇంకొకర్ని తీసుకోరు."

"ముందే తెలుసా మీకు?"

అవునన్నట్టు తల ఊపింది మేడం.

తిట్టినా బాగుండును, దెబ్బలాడటానికైనా ఓ తెలుగు మనిషి దొరికేది. అమ్మాయి తిట్టలేదు. బ్యాగు భుజాన వేసుకుని, "థాంక్యూ మేడం" అంది. మిగతా మాటలు ఆఫీసు భాషలో మర్యాదగా చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.