ముఖమల్ మీద అమ్మ కళ్ళు

ముఖమల్ గుడ్డ మీద బొమ్మ వేసేవాడికి చెరిపే వీలుండదు. రంగు ఒకసారి నూగులోకి దిగిందంటే దిగినట్టే. నలుపు వెయ్యనక్కర లేదు, అది గుడ్డలోనే ఉంది. వెలుగు పడే చోట మాత్రం రంగు తాకించి ఊరుకోవాలి. లాండ్ర చిన్నప్పటి నుంచీ ఈ పనే చేస్తున్నాడు. వేసేది ఇద్దరినే, ఎప్పుడూ జోడీగానే. ఒకటి బారోంగ్, జూలు విదిలించుకుంటూ ఊరికి కాపలా తిరిగే మృగం. రెండోది రంగ్డా, మంత్రగత్తెలకి దేవత. బొడ్డు దాకా వేలాడే నాలుక, కోరలు, పొడుగాటి గోళ్ళు. రంగ్డా అసలు ముసుగు శ్మశానం పక్క గుడిలో, తెల్లగుడ్డ చుట్టిన బుట్టలో ఉంటుంది. ఊరిని కాచేదీ ఆవిడే, ఊరు వణికేదీ ఆవిడకే.

"నీ బారోంగ్ బాగానే ఉంది గానీ, రంగ్డా కళ్ళే బొత్తిగా చచ్చిపోయాయి," అన్నాడు పెద్ద రోడ్డు మీది దుకాణదారు. "టూరిస్టులు నవ్వుకుంటూ పోతున్నారు. భయపడితేనే కదయ్యా కొనేది."

ఆ మాట మనసులో పెట్టుకునే లాండ్ర ఇంటికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. వాళ్ళమ్మ వెదురు మంచం మీద నిద్రపోతోంది. ఆ దీవిలో తల్లిని కొడుకు పేరుకి ముందు 'మెన్' చేర్చి పిలుస్తారు కాబట్టి ఊరందరికీ ఆవిడ మెన్ లాండ్ర. రెండేళ్ళుగా ఆవిడకి మెడ వాచింది, చేతులు వణుకుతున్నాయి, ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. కళ్ళు రోజురోజుకీ ముందుకు పొడుచుకొస్తున్నాయి. నిద్రలో కూడా రెప్పలు కలవవు. ఊరి వైద్యుడు ఆకు పసరు పూసి, దేవుళ్ళ మీద భారం వేశాడు.

లాండ్ర చూస్తూ నిలబడిపోయాడు. తెల్లగుడ్డు మీద తడి మెరుపు, సగం పైకి పోయిన నల్లగుడ్డు. అతని మనసులో ఏ పాపమూ లేదు. కుంచె, కొత్త ముఖమల్ గుడ్డ అందుకుని మంచం పక్కనే చతికిలబడ్డాడు. ఆవిడ లేచేసరికి రంగ్డాకి కళ్ళొచ్చాయి.

"ఇవి నావే కదరా?" అంది ఆవిడ.

"కళ్ళొక్కటేనమ్మా."

"పళ్ళు కూడా నావే పెట్టకపోయావా? ఉన్నవి రెండేనని నామోషీ అనిపించిందా?"

నవ్వి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

దుకాణదారు ఆ బొమ్మని ముందు గోడకి తగిలించాడు. ఊళ్ళోవాళ్ళు సంతకి పోయేది ఆ దారినే. చూసినవాళ్ళు ఆగారు, ఆగినవాళ్ళు గుర్తుపట్టారు. అది జ్వరాల కాలం. ఎదురింటి మెన్ సుర్తి మనవడు మూడు రోజులు మూలిగి పోయాడు. రెండూ ముడిపెట్టడానికి ఊరికి ఎంతసేపు పడుతుంది? బొమ్మ వేసింది లాండ్ర కాదు, అతని చేత దేవతే వేయించిందన్నారు. లెయాక్ ఎవరో, అంటే రూపం మార్చి పసివాళ్ళ ప్రాణం పీల్చే మంత్రగత్తె ఎవరో, దేవత వేలు పెట్టి చూపించిందన్నారు. మెన్ లాండ్ర అమ్మే బియ్యప్పిండి ఉండలు కొనేవాళ్ళు లేకపోయారు. గుడి వంటలో ఆవిడ కొబ్బరి కోరబోతే చేతిలోది లాక్కున్నారు.

అదైనా ఆవిడ భరించేది. కానీ మొగుడు ఎనిమిదేళ్ళుగా మట్టిలో ఉన్నాడు. విడిగా దహనం చేసే తాహతు ఆ ఇంటికి లేదు. ఈ ఎండాకాలం బంజార్ మొత్తం, అంటే ఆ పేటవాళ్ళంతా, కలిసి తమ వాళ్ళ ఎముకలు ఎత్తి దహనం చేస్తున్నారు. అందులో కలవకపోతే ఆయన ప్రాణానికి విడుదల లేదు. బంజార్ పెద్ద గుస్తి స్వేచ గుమ్మం బయటే నిలబడి, "మీ ఇల్లు మైలపడింది. మీ ఆయన్ని ఎత్తాలో వద్దో సభలో తేలుస్తాం," అని చెప్పి వెళ్ళాడు.

"నేను చెప్తానమ్మా," అన్నాడు లాండ్ర. "దేవతా లేదు, మాయా లేదు, నేనే చూసి వేశానని చెప్తే సరిపోతుంది."

"సరిపోతుందో లేదో," అందావిడ. "నువ్వు తక్కువ మాట్లాడు."

పొద్దున్నే చెక్క గంట మోగింది. మగవాళ్ళు మంటపంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడవార నిలబడ్డారు.

లాండ్ర లేచాడు. "ఆ బొమ్మలో ఏమీ లేదు పెద్దాయనా. మా అమ్మ కళ్ళు చూసి, ఉన్నవి ఉన్నట్టు వేశాను."

"నీ ముందు కూర్చుందా?"

"లేదండీ. పడుకున్నప్పుడు వేశాను."

"పడుకున్న మనిషి కళ్ళు నీకెలా కనబడ్డాయి?"

"మా అమ్మకి రెప్పలు మూతపడవు."

మాట బయటికొచ్చాక గానీ అదేమిటో అతని తలకెక్కలేదు. లెయాక్ ఒళ్ళు ఇంట్లో నిద్రపోతుంటుంది, ప్రాణం వీధుల్లో తిరుగుతుంటుంది, అందుకే కళ్ళు తెరిచి ఉంటాయి. అక్కడున్న ప్రతివాడూ ఇది తల్లిపాలతో పాటే విన్నాడు. లాండ్ర కూడా విన్నాడు.

"అది జబ్బు," అన్నాడు లాండ్ర.

"ఏం జబ్బు? పేరు చెప్పు," అన్నారెవరో.

పేరు వైద్యుడే చెప్పలేదు.

"కడుపున పుట్టినవాడే చెప్పాడు," అన్నాడు గుస్తి స్వేచ. "ఇక మనం చెప్పుకునేదేముంది?"

అప్పుడు మెన్ లాండ్ర గోడ దగ్గర నుంచి ముందుకొచ్చింది. "ఒక్క మాట పెద్దాయనా. నేను ఊరు వదిలిపోతే మా ఇంటికి మైల పోయినట్టేనా?"

"ఒప్పుకుని పోతే పోయినట్టే."

"మా ఆయన్ని అందరితో పాటే ఎత్తుతారా? మా వాడు మీలోనే ఉంటాడా?"

"ఉంటాడు."

"అయితే ఒప్పుకుంటున్నా."

"అమ్మా," అన్నాడు లాండ్ర. ఆవిడ అతని వైపు చూడలేదు.

మెన్ సుర్తి ఆవిడకి ఎదురొచ్చి నిలబడింది. "నా మనవణ్ణి కూడా నువ్వేనా?"

ఆ పసివాడికి పుట్టిన రోజున తొలి స్నానం పోసింది మెన్ లాండ్రే. మంటపమంతా ఆవిడ నోటివైపే చూస్తోంది.

"అవును వదినా," అంది.

ఏటి అవతల పుట్టింట్లో తమ్ముడు పందుల దొడ్డి పక్కన చోటిచ్చాడు. కట్టుగుడ్డలు తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఏరు దాటి ఇటు రాకూడదన్నది బంజార్ మాట.

దహనం రోజున ఏటి ఒడ్డున, ఎముకలు లోపల పెట్టి కాల్చే నల్ల ఎద్దు బొమ్మలు వరసగా నిలబెట్టారు. మాట ప్రకారం లాండ్ర తండ్రి ఎముకలకీ ఒక దాంట్లో చోటు దొరికింది. లాండ్ర నిప్పు పెట్టాడు. వెనక ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"చూశావా, మొగుడి దహనానికి కూడా రాలేదు."

"ఏ మొహం పెట్టుకుని వస్తుందే? తప్పు లేనిదైతే వచ్చేది కాదూ?"

రావద్దన్నది ఎవరు? లాండ్ర గిరుక్కున తిరిగి నోరు తెరిచాడు. అతని నోరు ఇంతకు ముందు చేసిన నిర్వాకం చాలు. మూసుకున్నాడు.

అవతలి ఒడ్డున, రెల్లు దుబ్బుల మధ్య ఒక మనిషి నిలబడి ఉంది. అంత దూరం నుంచి మొహం ఆనడం లేదు. గాలి అటే ఉంది, పొగంతా ఏటి మీదుగా ఆవిడ మీదికే పోతోంది. ఆ కళ్ళు మూసుకోవని అతనికి తెలుసు.