నాలుగు రోజుల ఉపవాసం

ప్యాసింజరు బండి డ్రైవరు గోవిందరావు వస్తుంటే పొట్ట ముందు కనిపిస్తుంది, మనిషి తర్వాత. బీపీ ఉంది, షుగరూ ఉంది. అయితేనేం, రైల్వే ఆసుపత్రిలో మెడికల్‌కి పిలిచినప్పుడల్లా దర్జాగా పాసైపోతాడు. ఆ కిటుకులో వాళ్ళ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికీ గురువు అతనే. పరీక్షకి నాలుగు రోజుల ముందునుంచి కాకరకాయ రసం, పల్చటి మజ్జిగ. రక్తమిచ్చి బయటపడగానే ఖరిదా బజార్లో రసగుల్లాలు. తోటి డ్రైవరు తవిటయ్య అతని ప్రథమ శిష్యుడు.

తొంభై ఆరులో కొత్త డాక్టరొచ్చాడు. పరగడుపు షుగరు చూసి బాగుందన్నాడు. గోవిందరావు మీసం దువ్వుకున్నాడు. ఆ మహానుభావుడు అంతటితో వదిలితేగా! ఇంకాస్త రక్తం తీసి కలకత్తా పంపాడు. రిపోర్టు రాగానే పిలిచాడు.

"ఇది మూడు నెలల షుగరు లెక్క దాదా. నాలుగు రోజుల పస్తు దీని దగ్గర పనిచెయ్యదు. మూడు నెలలాగి మళ్ళీ చూస్తాను. తగ్గకపోతే ఇంజను దిగాల్సిందే."

ఇంజను దిగి షెడ్డు స్టోరులో కూర్చున్నవాళ్ళని చూసి ఇన్నాళ్ళూ ఇకిలించింది గోవిందరావేనాయె.

"ఏటి సేత్తావు మరి?" అంది భార్య దాలమ్మ.

"మూడు నెల్లుంది కదే! ఇప్పట్నించీ కడుపు మాడ్సుకోడానికి నాకేటి పిచ్చా? ఈసారి ఎనిమిది రోజులుంటాను. డబులు!"

"డాక్టరుబాబు సెప్పింది నీ బుర్రకెక్కినాదా?"

"ఆడు పుట్టకముందునించీ పాసవుతన్నాను నాను!"

దసరా పూజల సీజనొచ్చింది. సందేశ్‌లు, మిష్టిదోయి అనే తీపి పెరుగు కుండలు, ఒక్కటీ వదల్లేదు మనవాడు. ఆఖరి ఎనిమిది రోజులూ మాత్రం కాకర రసం తాగి, కళ్ళు తిరుగుతున్నా గోడ పట్టుకుని నడిచాడు.

రిపోర్టులో అంకె పెరిగింది.

"ఎనిమిది రోజులు మెతుకు ముట్టలేదు బాబూ, దాలమ్మ మీదొట్టు!" అని బావురుమన్నాడు. మెడికల్ గదిలో అతను పలికిన మొదటి నిజం అదే, పాపం. ఎవరిక్కావాలి?

ఇప్పుడు స్టోరులో నూనె డబ్బాలందిస్తున్నాడు. అతని బండి తవిటయ్య నడుపుతున్నాడు. మరుసటేడు ఒకరోజు తవిటయ్య నూనెకొచ్చి గొంతు తగ్గించాడు.

"గురువుగారూ, పూజలెల్లాక నా మెడికలు. ఉపాసం ఎన్నాళ్ళుండమంతారు?"

గోవిందరావుకి ఏడుపొచ్చినంత పనైంది. అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఉపాసం వద్దురా. ఈయాల్టినించే మిఠాయి మానీ. నా మాటిను."

తవిటయ్య చెయ్యి విడిపించుకుని పకపకా నవ్వాడు.

"మీ బండి నాకొచ్చినాదని కుళ్ళు గురువుగారూ మీకు," అని సైకిలెక్కి ఖరిదా వైపు తొక్కాడు.