ఆపకూడని మీటరు

యలమంద ఉద్యోగం నా నోటి వల్ల పోబోతోందని తెలిసేసరికి బుధవారం పదకొండు గంటలైంది. అంతవరకు నా కోపం న్యాయమైనదనే అనుకున్నాను.

దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, కొలత పరికరాలు సరిచూసే గదిలో టెక్నీషియన్ని. నా పేరు జయకుమారి. జయకుమారి మేడమ్ అంటే గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లకు కూడా హడలే. మా గదిలో వోల్టులు కొలిచే పాత మీటరు ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో ఎన్ని మీటర్లున్నా, అవి నిజం చూపిస్తున్నాయో లేదో దీని పక్కన పెట్టే తేలుస్తాం. దీన్ని మాత్రం బెంగళూరులో పెద్ద ల్యాబువాళ్లు సరిచేసి పంపుతారు. వాళ్లు ఎక్కించిన అంకెలన్నీ మీటరు లోపలి మెమరీలో ఉంటాయి. మీటరు ఆపినప్పుడు ఆ మెమరీని కాపాడేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. పదేళ్లు బతకాల్సింది పందొమ్మిదేళ్లు లాక్కొచ్చింది. పోయినేడాది మూత తీసి కొలిస్తే మూడు వోల్టులు ఉండాల్సిన చోట ఒకటిన్నర ఉంది. అప్పటినుంచి మీటరును యూపీఎస్ మీద పెట్టి, రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచుతున్నాను. ఆపితే అంకెలన్నీ పోతాయి.

కొత్త బ్యాటరీ కోసం మా మేనేజరు రాఘవ గారికి నాలుగుసార్లు రాసిచ్చాను. మొదటిసారి స్టోర్సు జాబితాలో లేదన్నారు. రెండోసారి బడ్జెట్టు లేదన్నారు, మిర్చి బజ్జీల ప్లేటు ధర చేయని దానికి. మూడోసారి నవ్వారు. నాలుగోసారి, "పనిచేస్తోందిగా మేడమ్" అన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఈ ఆఫీసర్లకు అలవాటు. ఇక చేసేది లేక, "ఎప్పుడూ ఆపవద్దు" అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మీటరు నుదుటిమీద అంటించాను.

దసరాకు మా గదిలో పరికరాలన్నీ తుడిచి, ఆపి, బొట్లు పెట్టేది కాంట్రాక్టు మీద పనిచేసే అటెండరు యలమంద. ఆయుధ పూజనాడు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలంటాడు. పోయినేడు నేను పక్కనే నిలబడి, "దీనికి బొట్టు పెట్టుకో, స్విచ్చు జోలికి మాత్రం పోకు" అన్నాను. ఈ ఏడు పూజ సమయానికి అమ్మ జ్ఞాపకార్థం చర్చిలో జరిగే కూడికకు సింగరాయకొండ వెళ్లాను.

మంగళవారం తిరిగి వచ్చి చూస్తే మీటరు మీద కుంకుమ బొట్టుంది, నా కాగితం లేదు, స్విచ్చు ఆపేసి ఉంది. ఆన్ చేసి పది వోల్టులు ఇచ్చాను. పదిన్నర చూపించింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ పదిన్నరే.

పొద్దున మీటర్లు తీసుకుపోవడానికి వచ్చిన ఫిట్టర్లు పదిమంది దాకా ఉన్నారు.

"ఎవరయ్యా దీన్ని ఆపింది?" అన్నాను.

"నేనేనమ్మా" అన్నాడు యలమంద.

"కళ్లున్నాయా నీకు? కాగితం చదవడం రాదా? ఫ్యాక్టరీ మొత్తాన్ని గుడ్డిదాన్ని చేశావు గదయ్యా."

అతను ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. పది నిమిషాలు అరిచాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి తువ్వాలు చేతిలో నలుపుకుంటూ తల దించుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

బుధవారం రాఘవ గారు పిలిచి టైపు చేసిన కాగితం ముందుకు తోశారు. అటెండరు నిర్లక్ష్యం వల్ల మీటరు పాడైందని ఉంది. కింద నా పేరు, సంతకానికి చోటు.

"యలమందను తీసేస్తారా?" అన్నాను.

"అది కాంట్రాక్టరు చూసుకుంటాడు మేడమ్. మీరే గదా నిన్న పదిమంది ముందు వాడే ఆపాడన్నారు. సాక్షులు కూడా ఉన్నారు."

సంతకం చేయకుండా బయటికి వచ్చాను. యలమంద కుళాయి దగ్గర గుడ్డలు ఉతుకుతున్నాడు.

"కాగితం ఎందుకు పీకావు?"

"రాఘవ సారు పీకమన్నారమ్మా. డైరెక్టరు గారు పూజకొస్తన్నారు, ఫొటోలో అసయ్యంగా ఉంటదన్నారు. మీటరు ఆపమంది గూడా ఆయనే. మేడమ్ ఒద్దన్నారు సార్ అని చెప్పా. ఒక్కరోజుకు ఏమవుద్దిలే అన్నారు."

"మరి నిన్న నోరెందుకు విప్పలేదు?"

"మీరు విప్పనిస్తేగా అమ్మా."

అత్త మీద కోపం దుత్త మీద చూపించానన్నమాట. పోనీ, అంతటితో అయిందా అంటే అదీ లేదు. ఆ మీటరులోని అంకెల్ని ముందే కంప్యూటరులోకి ఎత్తి దాచుకుంటే, పోయినా మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒక కేబులు, ఒక పూట పని. నాకు వచ్చు. అయినా చేయలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అంకెలు పోయిననాడు వీళ్లకే తెలిసొస్తుంది అనుకుని కక్షకొద్దీ ఊరుకున్నాను. ఇక్కడ ఏ దెబ్బైనా మేనేజరు దాకా పోదు, అటెండరు దగ్గరే ఆగుతుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత కూడా ఆ సంగతి తట్టని నా బుర్ర మీద నాకే అసహ్యం వేసింది.

టేబులు ముందు కూర్చుని సొంతంగా మూడు ముక్కలు రాశాను. ఒకటి, అటెండరు మేనేజరు చెప్పినట్టే చేశాడు. రెండు, బ్యాటరీ కావాలని నేను ఈ నాలుగు తేదీల్లో రాసిచ్చాను, ఇవ్వలేదు. మూడు, అంకెలు పోతాయని తెలిసి కూడా నేను పంతానికి పోయి వాటిని ఎత్తిపెట్టలేదు.

రాఘవ గారు చదివి, మెత్తగా అన్నారు. "మూడోది చాలు మేడమ్. పై రెండూ కొట్టేయండి. యలమందను నేను కాపాడతా."

"ఏదీ కొట్టేయను."

"మీకే మెమో వస్తుంది."

"రానివ్వండి. దాంతోపాటు మీకూ రావాలి."

గురువారం పొద్దున ఫిట్టర్లు మీటర్ల కోసం వచ్చారు. యలమందను పిలిచి, మొన్న నిలబడ్డ చోటే నిలబడమన్నాను. కాగితం తీసి మొదటి ముక్క చదివాను.

"నాకోసం ఎందుకమ్మా ఇదంతా" అన్నాడు.

"నీకోసం అని ఎవరన్నారు? తలెత్తి నిలబడు."

రెండో ముక్క చదువుతుండగా రాఘవ గారు పక్క గదిలోంచి వచ్చారు. ఫిట్టర్లు దారి ఇచ్చారు గానీ ఒక్కడూ బయటికి పోలేదు.

"ఆఫీసు విషయం మేడమ్. తలుపేసుకుని మాట్లాడుకుందాం" అన్నారు.

"మొన్న తలుపు తీసే అరిచాను సార్" అని, అదే గొంతుతో మూడో ముక్క చదివాను.