గర్భసంచి తీసినంక

"బ్లీచింగ్ పొడి తెచ్చి పప్పు డబ్బ పక్కన పెట్టినవేందే?" వంటింట్లోంచి చిలుకమ్మ అరిచింది.

"బాత్రూంల మెత్తబడుతాంది అత్తా."

"రేపు పప్పుల గూడ పోస్తవ్."

"పోస్తె మంచిదే గద, కడుపుల గూడ కడిగినట్టయితది!"

కోడలు తిరుమల బ్లీచింగ్ డబ్బా లాక్కుంది. ఆ పొడి అవసరం ఆమెదే. భర్త కుమారస్వామికి మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ తీశారు. ఇప్పుడు వారానికోసారి దవాఖానలో సన్నటి గొట్టంతో టీకా మందు లోపలికి ఎక్కిస్తున్నారు. ఎక్కించిన రోజు అతను మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ, అందులో పడే మందు క్రిములు చావడానికి, పొడి చల్లి కడగాలి. ఇవాళ కూడా మందు ఎక్కించే రోజే.

దవాఖానలో కుమారస్వామిని లోపలికి తీసుకువెళ్ళాక, తిరుమల డాక్టరు స్నేహలతను అడిగింది.

"టీకా మందు మిగిలిన రోగాన్ని ఎట్ల చంపుతదమ్మా?"

"మందు చంపదు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. వాటిని లేపుతుంది. కొట్లాడేది అవే."

"అందరి ఒంట్ల ఒక్కతీర్గనే కొట్లాడుతయా?"

డాక్టరు రాయడం ఆపింది. "లేదంటున్నారు. మగవాళ్ళలో ఒక తీరు, ఆడవాళ్ళలో ఒక తీరు. ఇంకా పూర్తిగా తేలలేదు. తేల్చాలంటే ఆడవాళ్ళు రావాలి కదా! మూత్రం ఎర్రగా పడితే వేడి చేసిందంటారు, గర్భసంచి అంటారు. మా దగ్గరికి వచ్చేసరికి ముదిరిపోతుంది."

తిరుమల నోరు తెరిచింది. వెనక బెంచీల మీద గదినిండా మగవాళ్ళు. మూసుకుంది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇరవై ఏళ్ళుగా సేటు పంపే జంపఖానాల నూలుకు రంగులద్దుతున్నారు. కిలోకు పద్నాలుగు రూపాయలు. రంగు మరిగే కాగు దగ్గర ఇద్దరూ నిలబడేవారు. కూలి మాత్రం అతని చేతికే వచ్చేది. ఆ రంగుల వల్ల కూడా ఇలాంటి గడ్డ రావచ్చని దవాఖానలో చెప్పారు. అతనికి ఎర్రగా పడింది ఒక్కసారే. మర్నాడే స్కానింగ్ తీయించారు. ఆమెకు పడినప్పుడు చిలుకమ్మ వారం రోజులు బార్లీ నీళ్ళు తాగించి, "గర్భసంచి చెడ్డది, తీపియ్యాలె" అని తేల్చేసింది. ప్రైవేటు నర్సింగ్‌హోం వాళ్ళు మరో మాట అడగకుండా తీసేశారు. ఆ ఖర్చుకు ఆమె పుస్తెలతాడు అమ్మారు. కుట్లు మానకముందే మళ్ళీ ఎర్రగా పడింది. తాడు పోయినా రోగం పోలేదని ఏ మొహంతో చెప్పాలో తెలియక రెండేళ్ళుగా మింగుతోంది.

సాయంత్రం అన్నాల దగ్గర కుమారస్వామి అన్నాడు. "సేటు నూలు పంపిండు. పొద్దున్నే కాగు వెలిగియ్యి. ఎల్లుండికి ఎర్ర రంగు కావాల్నట."

"రేపు నేను రంగుల చెయ్యి వెట్ట." తిరుమల అతని కంచంలో పప్పు వేసింది. "దవాఖానకు పోతాన."

"ఇయ్యాల్నే పోయొస్తిమి గద... నాకు మల్ల వచ్చే వారం గదా?"

"నీకు గాదు. నాకు. మూత్రంల నెత్తురు వడుతాంది."

చిలుకమ్మ ముద్ద దించింది. "గర్భసంచి తీసినంక నెత్తురెక్కడిదే?"

"గర్భసంచే పోయింది అత్తా. నెత్తురు పోలె."

"ఎన్నొద్దుల సంది?" కుమారస్వామి గొంతు తగ్గింది.

"నీకంటె ముందుగాల్నించి."

అతను కంచం పక్కకు జరిపాడు.

"మరి సేటు నూలో?" అంది చిలుకమ్మ.

"ఉండనీ అత్తా," అంది తిరుమల. "తెల్లగనే ఉండనీ."