ఉప్పుగోడలు

గోడ కూలితే చప్పుడవుతుంది. చిట్టెమ్మ మీద పడిన గోడకి ఆ చప్పుడు కూడా లేదు. మూడు రోజుల ముసురుకి నాని, తడిసిన అటుకుల మూటలా జారి కూర్చుంది. మిట్టమధ్యాహ్నం. దాని కింద ఇరవై రెండేళ్ల పిల్ల బెండకాయలు తరుగుతోంది. అత్త దేముడమ్మ రెండు చేతులతో మట్టి తోడి కోడల్ని బయటికి తీసింది. ఆ పిల్ల గుప్పిట్లో బెండకాయ ఇంకా ఉంది. మేమందరం చూశాం.

అది 1984. ఉక్కు ఫ్యాక్టరీకి ఊరూ పొలమూ ఇచ్చేసి, గాజువాక అవతల బీదవాళ్ల కోసం గవర్నమెంటు కట్టిన కాలనీకి వచ్చిన అరవై కుటుంబాలం. ఆ ఇళ్ల డబ్బు కంట్రాక్టరు పోలిరాజు చేతిలో పడింది. సిమెంటు సబ్బవరంలో అతని మేడకి పోయింది. మా గోడలకి సముద్రపు ఇసుక వచ్చింది. ఆ ఇసుక మోసింది మా ఆడవాళ్లే. ఓనాడు దేముడమ్మ తట్ట దించి, చిటికెడు నాలిక మీద వేసుకుంది.

"మేస్త్రీ, ఇది ఉప్పు కదేటి?"

విశాఖ పాతపట్నం నుంచి వచ్చే ఇద్రీస్ మేస్త్రీ తల దించుకుని తాపీ ఆడిస్తూనే ఉన్నాడు. మేమూ ఊరుకున్నాం. నోరెత్తితే మర్నాడు కూలి ఉండదు.

వైశాఖంలో, గచ్చు లేకుండానే, తలుపులు పెట్టకుండానే, పోలిరాజు కొత్త కుండలూ పాలూ తెచ్చాడు. ముహూర్తం దాటిపోతోందని తొందరపెట్టాడు. మాదొక నమ్మకం: పొయ్యి మీద పాలు పొంగితే ఇల్లు మనదైపోయినట్టే, ఇక యముడు కూడా ఖాళీ చేయించలేడని. అరవై ఇళ్లలో అరవై కుండలు పొంగాయి. ఫొటోలు తీశారు. సంతోషంతో ఏడ్చినవాళ్లున్నారు.

చిట్టెమ్మని పాతిపెట్టి ఆఫీసుకి నడిచాం. గోడలు పడగొట్టి మళ్లీ కట్టమన్నాం. ఆఫీసరు ఫైలు తిప్పి ఫొటో చూపించాడు.

"ఇళ్లు పూర్తయ్యాయి. పాలు పొంగించి చేరింది మీరు. మీ నవ్వుమొహాలే సాక్ష్యం. తర్వాత పడితే ఆ పూచీ మీది."

దేముడమ్మ ఫొటో మీదకి వంగింది. "బాబూ, ఈ సివర నవ్వుతన్నాది నా కోడలు. దాన్ని పిలిపించి అడుగు సాచ్చికం."

ఆయన ఫైలు మూసేశాడు. "కాగితం మీద ఇల్లున్నవాడికి ఇంకో ఇల్లు రాదమ్మా. ఉండలేకపోతే చెప్పండి, వేరేవాళ్లకి రాస్తాం."

ఆ సాయంత్రం బోరింగు దగ్గర కూర్చున్నాం. దేముడమ్మ మరిది వరహాలు అన్నాడు, "గోడలకి కర్రలు పోటెట్టుకుని బతికేద్దాం వదినా. తిరగబడితే ఉన్నది కూడా ఊడతాది."

అంతలో ఇద్రీస్ వచ్చాడు. ఆడవాళ్లు లేచారు. "ఒచ్చినాడు, గోరీలు కట్టే మేస్త్రీ! ఇంకెవులికి కొలతలు తీసుకుంతావ్?"

"తిట్టండప్పా. నా సేత్తోనే కట్టినాను. పిల్లలకి రొట్టె కావాలని కట్టినాను. ఒక్కటి సెప్తాను. ఆ గోడలకి కర్రలు పోటెట్టినా నిలబడవు. సెయ్యేసి తోస్తే పోతాయి."

 దేముడమ్మ అంది, "ఇల్లున్నాదనే కదా ఇంకోటి ఇవ్వనంటన్నాడు? ఇల్లే లేకుండా సేసేద్దాం. అప్పుడు కాగితం మీద ఏటి నిలబెడతాడో సూద్దాం."

"మరి ఎక్కడ తొంగుంటాం వదినా?" వరహాలు అరిచాడు. "నువ్వు ముండమోపివి, కొడుకు వలసెల్లిపోనాడు, ఒంటిదానివి. నాకు నలుగురు పిల్లలు!"

"తొంగుని సచ్చేకంటే కూకుని తడుద్దాం రా."

వరహాలు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

పొద్దున్నే దేముడమ్మ తన ఇంట్లో మిగిలిన మూడు గోడల్నీ తోసింది. పదిగంటలకి పందొమ్మిది ఇళ్లు నేలమట్టం. అప్పుడొచ్చింది పోలీసు వ్యాను.

"సర్కారు ఆస్తి. దేంతో పగలగొట్టారు?" ఎస్సై అడిగాడు.

పదకొండుమంది ఆడవాళ్లు మట్టి అరచేతులు చూపించారు. అతను ఆ చేతుల్నీ గోడల్నీ మార్చి మార్చి చూశాడు. చేతులతో తోస్తే పడ్డాయని రాస్తే మునిగేది పోలిరాజు. కానిస్టేబుల్ని పంపి, పోలిరాజు షెడ్డులోంచి ఐదు గడ్డపారలు తెప్పించి, సాక్ష్యంగా వాటికి చీటీలు కట్టించాడు.

ఇద్రీస్ నవ్వాపుకోలేకపోయాడు. "అయ్యా, పునాది తవ్వినప్పుడు కాళ్లావేళ్లా పడ్డా ఒక్కటీ ఇవ్వనేదు. ఈయాల ఐదిచ్చీసినాడు!"

చెంప పగిలింది. ఆడవాళ్లతోపాటు అతన్నీ ఎక్కించారు. బెయిలు పూచీకి మా దగ్గర ఎవరి పేరా భూమి కాగితం లేదు, ఫ్యాక్టరీకి ఇచ్చేశాం. పోలిరాజుకి ఆ వారమే ఇంకో కాలనీ పని దక్కిందని తర్వాత తెలిసింది. ముసురు తగ్గలేదు. పందొమ్మిది ఇళ్ల పిల్లలు తాటాకుల కింద ముడుచుకుని ఉన్నారు. గెలిచామని ఎవరితో చెప్పను?

కానీ వ్యాను కదిలేవేళ జరిగింది మాత్రం చెప్పాలి. వరహాలు తన ఇంట్లోంచి చాపా, బియ్యం కుండా, ఆఖరి పిల్లనీ తెచ్చి వానలో పెట్టాడు. కాపలా కానిస్టేబులు లాఠీ ఎత్తాడు.

"కొట్టు బాబూ, కొట్టు. ఈలోగా నా పని నాను సేసుకుంతాను," అని వరహాలు గోడకి భుజం ఆనించాడు.