పద్దెనిమిది చెంచాలు

మిక్సీ మూతను అరచేత్తో నొక్కిపట్టి జ్ఞానకుమారి లోపల ఐసు నలగడం వింటోంది. గరగర తగ్గి బుసబుస మొదలైతే కోల్డ్ కాఫీ సిద్ధమైనట్టే. ఢిల్లీ జనక్‌పురిలో కొత్తగా తెరిచిన మాల్‌లో షాపు అది. మిగతా పనివాళ్లందరి వయసూ ఇరవై రెండు. ఆసుపత్రి వంటగదిలో షుగరు రోగులకు కొలిచి పెట్టిన అనుభవమే ఆమెకు ఇరవై రెండేళ్లు. నెరిసిన ముడి మీద ఎర్ర టోపీ, గిన్నె బోర్లించినట్టు ఉంటుంది.

ఏ కాఫీ అడిగినా అందులో పంచదార ఎన్ని చెంచాలో చెప్పకుండా ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కటీ ఇవ్వలేదు. ఆ లెక్క విని ఒక పెళ్లికూతురు, సన్నబడ్డాకే పెళ్లని ముహూర్తమే మార్పించుకుందని షాపులో చెప్పుకుంటారు.

మేనేజరు శరణ్య హైదరాబాదు పిల్ల. పొద్దున్నే తేల్చేసింది.

"ఆంటీ, మనం కాఫీ అమ్ముతున్నం, దవాఖాన నడుపుతలేం. ఇంకొక్కరికి చెంచాలు చెప్పిండ్రంటే రేపటి నుంచి రావొద్దు."

"అచ్ఛా," అంది జ్ఞానకుమారి. వినబడిందని మాత్రమే దానర్థం.

పదకొండింటికి సదాశివరావు వచ్చాడు. షుగరు తగ్గాలని పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి, తగ్గినదాన్ని ఇక్కడికొచ్చి భద్రంగా పూడ్చుకునే పెద్దమనిషి. ఇవాళ కుంటుతున్నాడు. బొటనవేలికి కట్టు.

"చాక్లెట్‌ది, పెద్దదమ్మా. క్రీము కొండలా ఉండాలి."

"వేలికేమైందండీ, అన్నయ్యగారూ?"

"చెప్పు కరిచింది. నెలైంది, మానదు వెధవది."

అలాంటి కట్టు వేలి దగ్గర మొదలై మోకాలి దాకా పాకడం ఆమె ఆసుపత్రిలో చూసింది. నోరు తెరవబోయింది.

"ఆంటీ!" శరణ్య హెచ్చరించింది.

చెప్పొద్దన్నారు. చూపించొద్దని ఎవరూ అనలేదు. జ్ఞానకుమారి ఒక గాజు గ్లాసు తీసి, పంచదార డబ్బా మూత విప్పింది. ఒక చెంచా. రెండు. క్యూలో ఉన్నవాళ్లు మెడలు చాచారు. పన్నెండో చెంచాకి, ఫోన్లో ఎవరిమీదో అరుస్తున్న కుర్రాడు "బాద్ మే లడేంగే" అని పోట్లాట తర్వాతకి వాయిదా వేసి పెట్టేశాడు. పద్దెనిమిది. పైన కొండలా క్రీము, స్ట్రా. రెండు చేతులతో అందించింది.

"కాఫీ ఏదమ్మా?"

"చోటేదండీ? రోజూ మీరు తాగేది ఇదే."

"ఇగ చాలు, ఆంటీ," అంది శరణ్య.

"ఎనిమిది నెలల్నించీ నేనూ అదే అంటన్నానమ్మా."

టోపీ, ఏప్రాన్ తీసి శరణ్య చేతికిచ్చి, హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుంది.

"ఆసుపత్రిలో ఓపీ ఒంటిగంట దాకా ఉంటది. వేలు చూపించుకుందురుగాని, పదండి."

సదాశివరావు గ్లాసునీ, వేలునీ మార్చి మార్చి చూశాడు. గ్లాసు కౌంటర్ మీద పెట్టి, కుంటుకుంటూ ఆమె వెనకే నడిచాడు.

గ్లాసు తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. క్రీము కరిగి మెల్లగా కిందికి ఇంకిపోతున్నా, పంచదారలో గుచ్చిన స్ట్రా మాత్రం నిటారుగా నిలబడే ఉంది.