బాగైపోయిన భుజం

...నొప్పి తగ్గిందని జోజిబాబు ఒక్కసారి అన్నాడు, అంతే. అమ్మ జోజమ్మ ఆదివారం చర్చిలో నిలబడి, దేవుడు నా కొడుకు భుజం బాగుచేశాడని సాక్ష్యం చెప్పేసింది. ఇక నొప్పి ఉందని ఎవరితో అనగలడు? ఫాస్ట్ బౌలర్ జోజిబాబును ఆ భుజమే జిల్లా జట్టు నుంచి రెండుసార్లు సొంతూరు తిరువూరుకు తిప్పి పంపేసింది. నొప్పి కన్నా, బాగైనవాడిలా కనిపించడమే అతన్ని ఎక్కువ అలసటకు గురిచేస్తోంది. ఈ రోజు మ్యాచ్‌ను సెలక్టర్లు చూస్తున్నారు.

కెప్టెన్ శశాంక్ బంతి ఇచ్చాడు. “ఏరా జోజీ, ఓసారి చెయ్యి తిప్పి చూపించు. తుప్పు పట్టిందా ఏంటి?”

ప్రతి మ్యాచ్‌కూ ముందు పళ్లు బిగించి తిప్పి చూపించేవాడు. ఈసారి చేయి సగం దాకా లేపి ఆగాడు. సాక్ష్యం చెబుతున్నప్పటి అమ్మ ముఖం గుర్తొచ్చింది. అయినా చేయి దించేశాడు.

“నొప్పిగా ఉందన్నా,” అంటూ బంతిని శశాంక్ అరచేతిలో పెట్టాడు.